పొట్ట సీటీలో ఎంత డోసు ఇవ్వాలి, బొమ్మ ఎంత బాగుండాలి

(గుంటూరు కొత్తపేటలో నవంబరు 8న రేడియోగ్రాఫర్లు, పారామెడికల్ విద్యార్థులు, జనరల్ ప్రాక్టీసు డాక్టర్లు, ఊళ్లోవాళ్లు కలిసి కూర్చున్న సభలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసినది. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఇవాళ నవంబరు 8. 1895లో ఇదే రోజున జర్మనీలో రాంట్‌గెన్ ఎక్స్-రేలను గుర్తించాడు. ఆ తర్వాత 76 ఏళ్లకు, 1971 అక్టోబరు 1న, లండన్‌లోని వింబుల్డన్‌లో ఒక ఆసుపత్రిలో మొదటిసారి ఒక పేషెంటుకి సీటీ స్కాను తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. 1979లో కార్మాక్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఆ మొదటి యంత్రం తల మాత్రమే తీసేది. ఒక్కో విడతకి నిమిషాలు పట్టేది కాబట్టి పొట్ట తీయడం దానివల్ల అయ్యేది కాదు. ఊపిరి తీస్తే చాలు, పొట్టలో అన్నీ కదులుతాయి కదా. ఇవాళ ఈ కొత్తపేటలో ఏ సెంటరుకి వెళ్లినా పొట్ట మొత్తం పది సెకన్లలో తీసేస్తున్నారు.

అంత సులువైపోయింది కాబట్టే ఈ మాటలు చెప్పాల్సి వస్తోంది. కడుపునొప్పి అంటే సీటీ, జ్వరం తగ్గకపోతే సీటీ, ఆపరేషన్‌కి ముందు సీటీ, తర్వాత సీటీ. నేను సీటీకి వ్యతిరేకిని కాదు. అపెండిక్స్ పగిలిందా, పేగు మెలిపడిందా అన్నది అర్ధరాత్రి పది నిమిషాల్లో తేల్చి చెప్పగలిగే పరీక్ష ఇంకొకటి లేదు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. నేను చెప్పదలుచుకున్నది వేరు. బొమ్మ అందంగా రావడం మన పని కాదు. డాక్టరు అడిగిన ప్రశ్నకి జవాబు దొరకడం మన పని. ఆ జవాబుకి ఎంత డోసు, అంటే ఎంత రేడియేషన్, కావాలో అంత ఇవ్వాలి. అంతకంటే ఎక్కువ వద్దు. తక్కువ కూడా వద్దు. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతున్నారు, దాని గురించి కూడా చెబుతాను.

ముందు డోసు లెక్క. ఇక్కడ వైద్యం చదవనివాళ్లు కూడా ఉన్నారు, మీకోసం నెమ్మదిగా చెబుతాను. సీటీ అయిపోగానే యంత్రాన్ని నడిపే కంప్యూటరు, అదే కన్సోల్ మీద డోస్ రిపోర్టు అని ఒక పేజీ వస్తుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి సీటీడీఐ వాల్యూమ్, అది మిల్లీగ్రేలలో ఉంటుంది. యంత్రం ఎంత తీవ్రంగా ఎక్స్-రే వదిలిందో అది చెబుతుంది. దాన్ని స్కాన్ చేసిన పొడవుతో గుణిస్తే డీఎల్‌పీ వస్తుంది. పొట్ట, పొత్తికడుపు కలిపి తీశాం, సీటీడీఐ 10, పొడవు 45 సెంటీమీటర్లు అనుకోండి. డీఎల్‌పీ 450. పెద్దవాళ్ల పొట్టకి దాన్ని 0.015తో గుణిస్తే 6.75 వస్తుంది. అవి మిల్లీసీవర్టులు, ఒంటికి అందిన రేడియేషన్ లెక్క. నేల నుంచి, ఆకాశం నుంచి, మనం తినే తిండి నుంచి, పీల్చే గాలి నుంచి మనిషికి ఏడాదికి అందే సహజ రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్టులు. అంటే ఈ ఒక్క స్కానింగు సుమారు మూడేళ్ల సహజ రేడియేషన్‌కి సమానం. ఛాతీ ఎక్స్-రే ఒకటి తీస్తే 0.1 కూడా ఉండదు.

దీనివల్ల ప్రమాదం ఎంత? 10 మిల్లీసీవర్టుల సీటీ వల్ల ఎప్పుడో ముందు ముందు ప్రాణం తీసే క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 2,000లో ఒకటి అని అంచనా వేస్తారు. హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్లను దశాబ్దాల పాటు గమనించి, అక్కడి పెద్ద డోసుల నుంచి చిన్న డోసుల దాకా గీత గీసి కట్టిన లెక్క అది. ఏ ఒక్క మనిషి విషయంలోనూ ఈ స్కాను వల్లే ఈ జబ్బు వచ్చిందని ఎవరూ చూపించలేరు. పిల్లల విషయంలో మాత్రం ఇప్పుడు నేరుగా ఆధారాలు వస్తున్నాయి. తొమ్మిది ఐరోపా దేశాల్లో చిన్నతనంలో, కుర్రతనంలో సీటీ తీయించుకున్న సుమారు 9.5 లక్షల మందిని పరిశీలించి 2023లో ప్రచురించారు. ఎముకల్లోని ఎర్రటి మజ్జకి అందిన డోసు పెరిగేకొద్దీ రక్త సంబంధమైన క్యాన్సర్లు పెరిగినట్టు అందులో తేలింది. ఇవాళ్టి మామూలు డోసులతో తీస్తే 10,000 మంది పిల్లల్లో తర్వాతి 12 ఏళ్లలో ఒకరిద్దరికి అలా రావచ్చని వాళ్ల అంచనా. భయపడి స్కాను మానేయాల్సినంత పెద్ద అంకె కాదు. పట్టించుకోకుండా వదిలేసేంత చిన్నదీ కాదు.

మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ నిబంధనలు మీలో పనిచేసేవాళ్లకి తెలుసు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అందుకే మీ జేబుకి రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి. పేషెంటుకి మాత్రం ఇంతకు మించి ఇవ్వకూడదు అనే హద్దు చట్టంలో లేదు. వైద్యానికి ఎంత అవసరమైతే అంత ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఎక్కడా పెట్టరు. దానర్థం ఆ హద్దు ఎవరో ఒకరు ప్రతి పేషెంటుకీ విడిగా ఆలోచించి పెట్టాలి. స్కాను రాసే డాక్టరు, రేడియాలజిస్టు, మీటలు నొక్కే టెక్నీషియను, ఈ ముగ్గురే ఆ ఎవరో ఒకరు.

ఇక బొమ్మ సంగతికి వద్దాం.

సీటీ బొమ్మలో మనం గరుకు అంటామే, గ్రెయినీగా ఉంది అంటామే, అది నాయిస్. అది ఎందుకొస్తుందో ఒకసారి మనసుకి పట్టిందంటే మిగతాదంతా తేలిక. మిర్చి ఆరబోసిన కల్లం మీద చినుకులు మొదలవడం మీరంతా చూసినవాళ్లే. మొదట్లో ఒకచోట నాలుగు చినుకులు పడతాయి, పక్కన జానెడు నేల పొడిగానే ఉంటుంది. వాన గట్టిపడేకొద్దీ నేలంతా ఒక్క తీరుగా తడుస్తుంది. ఒంట్లోంచి దాటి వచ్చిన కిరణాలను పట్టుకునే డిటెక్టర్ మీద ఎక్స్-రే కణాలు పడే పద్ధతి కూడా అంతే. కణాలు తక్కువైతే ఒకే రకమైన లివరు కూడా ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఎక్కువ పంపితే నునుపవుతుంది. కానీ లెక్క ఖరీదైనది. నాయిస్‌ని సగం చేయాలంటే డోసు రెండింతలు చేస్తే సరిపోదు, నాలుగింతలు చేయాలి. సీటీ ఒంటిని పలచటి కోతలు కోతలుగా చూపిస్తుంది, ఆ కోత మందం విషయంలోనూ ఇదే లెక్క. 5 మిల్లీమీటర్ల కోతని 1.25కి తగ్గిస్తే ఆ కోతకి అందే కణాలు నాలుగో వంతు, నాయిస్ రెట్టింపు. అందుకని సన్నటి కోతలు చూసి బొమ్మ బాగాలేదని మిల్లీయాంపియర్లు, అంటే ఎక్స్-రే ట్యూబు కరెంటు, పెంచే ముందు, అదే డేటాని 3 లేదా 5 మిల్లీమీటర్లలో మళ్లీ తయారుచేసి చూడండి. దానికి కొత్తగా రేడియేషన్ ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడదలుచుకున్న విషయం. ఏ ప్రశ్నకి ఎంత బొమ్మ కావాలి?

హౌన్స్‌ఫీల్డ్ స్కేలు గుర్తుంది కదా, ఏ పదార్థం ఎక్స్-రేని ఎంత ఆపుతుందో చెప్పే అంకెలు. నీళ్లు 0, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దగ్గర. కాంట్రాస్ట్, అంటే బొమ్మలో వెలిగేలా ఎక్కించే అయోడిన్ మందు, ఇవ్వకుండా తీస్తే కిడ్నీ 30 దగ్గర ఉంటుంది. అందులో కాల్షియం రాయి ఉంటే 400 నుంచి 1000 పైన కూడా ఉంటుంది. ముప్పై పక్కన ఎనిమిది వందలు! గరుకు బొమ్మలో కూడా అది దాక్కోలేదు. ఇక లివరు చూడండి. పెద్దపేగు క్యాన్సరు లివరుకి పాకి చిన్న గడ్డ కట్టింది అనుకుందాం. చుట్టూ ఉన్న లివరుకి, ఆ గడ్డకి మధ్య తేడా కొన్నిసార్లు పది, ఇరవై యూనిట్లే. నాయిస్ కూడా అంతే ఉంటే ఒక సెంటీమీటరు గడ్డ ఆ గరుకులో కలిసిపోతుంది. ఉన్నా కనపడదు.

కాబట్టి పొట్ట సీటీ అనేది ఒక్క పరీక్ష కాదు. రాయి కోసం తీసేది ఒకటి, లివరు కోసం తీసేది ఇంకొకటి. కానీ చాలా సెంటర్లలో ఒకే ప్రోటోకాల్, అంటే ఒకే సెట్టింగులు. అబ్డామెన్ అని ఒక మీట ఉంటుంది, ఎవరొచ్చినా అదే నొక్కడం.

మన ప్రాంతం చూడండి. పల్నాడు ఎండలు మీకు చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం పొలంలో పని, తాగడానికి సరిపడా నీళ్లు ఉండవు. కిడ్నీ రాళ్ల పేషెంట్లు వేసవిలో ఎలా వస్తారో మన ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో పనిచేసినవాళ్లకీ తెలుసు, నరసరావుపేటలో క్లినిక్ పెట్టుకున్నవాళ్లకీ తెలుసు. ఒకసారి రాయి వచ్చినవాళ్లలో చాలామందికి మళ్లీ వస్తుంది. అంటే ముప్పై ఏళ్ల కూలీ మనిషి, వచ్చినప్పుడల్లా సీటీ. ఆయనకి పూర్తి డోసుతో తీయాల్సిన అవసరమే లేదు. సీటీడీఐ 4 దగ్గర ఉంచి, కిడ్నీ పైభాగం నుంచి మూత్రాశయం అడుగు దాకా 42 సెంటీమీటర్లు తీస్తే డీఎల్‌పీ 168. అంటే సుమారు 2.5 మిల్లీసీవర్టులు. మూత్రనాళంలో ఇరుక్కుని నొప్పి పెట్టే రాయి అందులో బాగా కనిపిస్తుంది. మరీ లావుగా ఉన్నవాళ్లలో, మూడు మిల్లీమీటర్ల లోపు రాళ్ల విషయంలో కొంచెం ఇబ్బంది ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు దానంతటదే పడిపోయేదే కదా. ఇక ఆ రాయి పడిందా లేదా అని చూడడానికైతే ముందు అల్ట్రాసౌండు, ఒక మామూలు ఎక్స్-రే. వాటితో తేలకపోతేనే సీటీ.

లివరు విషయంలో దీనికి పూర్తిగా ఎదురు చెబుతాను. తక్కువ డోసు మంచిది అని ఎక్కడో విని, క్యాన్సర్ పేషెంటు ఫాలో అప్ స్కానుకి కూడా డోసు కోసేసేవాళ్లు ఉన్నారు. అది పేషెంటుకి మేలు కాదు. అరవై ఏళ్ల మనిషికి లివరులో గడ్డ ఉందా లేదా అన్నది కీమో మార్చాలా, ఆపరేషన్ చేయాలా అన్న నిర్ణయం. ఆ గడ్డ మనకి కనపడకపోతే జరిగే నష్టం, అలా మిగిల్చిన రెండు మిల్లీసీవర్టుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ ఇవ్వాల్సింది ఇవ్వండి. బొమ్మ సరిపోక మళ్లీ తీస్తే ఎలాగూ రెండు డోసులూ పేషెంటు ఒంటికే.

ఇక ఫేజులు, అంటే కాంట్రాస్ట్ ఎక్కించకముందు, ఎక్కించాక వేర్వేరు సమయాల్లో మళ్లీ మళ్లీ తీయడం. డోసు అసలు పెరిగేది ఇక్కడే. మిల్లీయాంపియర్లు పదిశాతం అటూ ఇటూ చేయడం గురించి గంటలు గంటలు మాట్లాడతాం. ప్లెయిన్ ఒకసారి, ఆర్టీరియల్ ఒకసారి, పోర్టల్ ఒకసారి, డిలేడ్ ఒకసారి, నాలుగుసార్లు మొత్తం పొట్ట తీసేస్తాం. 6.75 కాస్తా 27 అవుతుంది. లివరు గడ్డ ఏ రకమో తేల్చాలంటే మూడు ఫేజులు కావాలి, హెపటైటిస్ బి ఉన్న మనిషిలో లివరు క్యాన్సర్ అనుమానం ఉంటే తప్పదు. అప్పుడు కూడా ఆర్టీరియల్, డిలేడ్ ఫేజులు లివరు వరకు తీస్తే చాలు, కింద పొత్తికడుపుదాకా పోనక్కర్లేదు. జ్వరం, కడుపునొప్పి, అపెండిక్స్, ఎక్కడైనా చీము ఉందా అన్న ప్రశ్నలకి ఇంజెక్షన్ ఇచ్చిన 70 సెకన్లకి తీసే ఒక్క పోర్టల్ ఫేజు దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. ముందు ప్లెయిన్ తీసి తర్వాత కాంట్రాస్ట్ తీయడం అన్నది చాలాచోట్ల అలవాటు మాత్రమే. ఎందుకని అడిగితే, ఎప్పటినుంచో అలాగే చేస్తున్నాం సార్ అంటారు.

ఇక్కడ కూర్చున్న డాక్టర్లకి ఒక విన్నపం. మీరు రాసే చీటీలో 'సీటీ అబ్డామెన్' అని రెండు మాటలు రాసి పంపకండి. 'కుడివైపు నొప్పి రెండు రోజుల నుంచి, అపెండిక్స్ అనుమానం' అని ఒక్క లైను రాయండి. 'రాయి ఉందని తెలుసు, కిందికి దిగిందా' అని రాయండి. ఆ ఒక్క లైనుతో మేము నాలుగు ఫేజులు తీయాల్సినచోట ఒకటి తీస్తాం. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ డోసుని అంతగా తగ్గించలేదు.

ఇప్పుడు మన మనుషుల ఒళ్ల గురించి. సీటీడీఐ అనేది మనిషి ఒంటికి బదులు పెట్టే 32 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ఫాంటమ్‌లో కొలిచిన అంకె. పేషెంటుకి అందిన డోసు కాదు. మన పొలాల్లో పనిచేసే చాలామంది సన్నగా ఉంటారు. అడ్డం, నిలువు సగటు చేస్తే నడుము 20 సెంటీమీటర్లే ఉన్న ముసలమ్మని టేబుల్ మీద పడుకోబెట్టారు అనుకోండి. తెర మీద 10 అని చూపిస్తే, ఆమె ఒంట్లో కణజాలానికి అందేది దాదాపు 18. సన్నటి ఒంట్లోంచి ఎక్స్-రే సులువుగా దూసుకుపోతుంది. సుమారు నాలుగు సెంటీమీటర్ల కండ దాటేసరికి కిరణం సగమైపోతుంది. కాబట్టి నాలుగు సెంటీమీటర్లు సన్నగా ఉన్న మనిషికి సగం కరెంటు చాలు. యంత్రం కొనుక్కొచ్చిన రోజున కంపెనీ మనిషి పెట్టివెళ్లిన సెట్టింగులు ఇంతింత లావు మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టినవైతే, అవి మన ముసలమ్మకి నప్పవు. మార్చమని అడగండి, మార్చుకోవడం నేర్చుకోండి.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. సన్నటివాళ్ల పొట్ట చదవడం కష్టం. పేగుకి పేగుకి మధ్య నల్లటి కొవ్వు ఉంటే అవయవాలు విడివిడిగా కనిపిస్తాయి. అది లేనివాళ్లలో అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి, అపెండిక్స్ ఎక్కడుందో వెతుక్కోవాలి. అప్పుడు టెక్నీషియను డోసు పెంచితే స్పష్టంగా వస్తుందనుకుంటాడు. రాదు. అక్కడ లేనిది కొవ్వు, రేడియేషన్ కాదు. వాళ్లకి పనికొచ్చేది సరైన సమయంలో ఇచ్చిన కాంట్రాస్టు, ఎక్స్-రే ట్యూబు వోల్టేజి 120కి బదులు 100 కేవీ, మరీ సన్నగా ఉంటే 80. కేవీ తగ్గితే అయోడిన్ ఇంకా బాగా వెలుగుతుంది, డోసు కూడా దిగుతుంది. ఈ ఒక్క విషయంలో రెండూ కలిసొస్తాయి.

ఆటోమేటిక్‌గా కరెంటు సర్దుకునే ఏర్పాటు ఇప్పుడు అన్ని యంత్రాల్లోనూ ఉంది. దానిమీద భరోసా పెట్టుకోవచ్చు, కానీ పేషెంటుని గ్యాంట్రీకి, అంటే యంత్రం గుండ్రటి రంధ్రానికి, నట్టనడుమ పడుకోబెడితేనే. టేబుల్ ఎత్తు సరిగా లేక మనిషి ట్యూబుకి దగ్గరైతే, అసలు స్కానుకి ముందు తీసే స్కౌట్ బొమ్మ పెద్దదిగా పడుతుంది. యంత్రం లావు మనిషి అనుకుని కరెంటు పెంచుతుంది. దూరమైతే సన్నమనుకుని తగ్గిస్తుంది, బొమ్మ పాడవుతుంది. చేతులు తలపైకి ఎత్తించండి. పొట్ట పక్కన చేతులు ఉంటే చారలు పడతాయి, కరెంటూ పెరుగుతుంది. వెండి మొలతాడు, తాయెత్తు, పిన్నీసులు తీయించండి. మొలతాడు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు, మనసు కష్టపెట్టుకుంటారు. ఇంటివాళ్ల చేత తీయించి, స్కాను అవగానే మళ్లీ కట్టుకోవచ్చని చెప్పండి, లేదా స్కాను పరిధి దాటి కిందికి జరపండి. పైన ఊపిరితిత్తుల్లోకి పది సెంటీమీటర్లు, కింద తొడల్లోకి అయిదు సెంటీమీటర్లు అదనంగా తీసే అలవాటు మానండి. మగపిల్లల్లో ఆ కింది అయిదు సెంటీమీటర్లలో వృషణాలు ఉంటాయి.

ఊపిరి సంగతి విడిగా చెప్పాలి. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. మన యంత్రాల్లో 'ఊపిరి బిగబట్టండి' అనే మాట ఇంగ్లీషులో వస్తుంది, కొన్నిచోట్ల హిందీలో. మాచర్ల నుంచి వచ్చిన పెద్దావిడకి ఆ గొంతు ఏం చెబుతోందో తెలియదు. బెదిరిపోయి ఇంకా గట్టిగా ఊపిరి తీస్తుంది. లివరు అంచులు రెండుగా కనిపిస్తాయి, స్కాను పాడవుతుంది, మళ్లీ తీస్తారు. యంత్రం తప్పు కాదు, ఆమె తప్పు అసలే కాదు. చాలా కన్సోళ్లలో సొంత గొంతు రికార్డు చేసుకునే సదుపాయం ఉంది. మీ సెంటర్లో ఎవరి గొంతు స్పష్టంగా ఉంటే వాళ్ల చేత రికార్డు చేయించండి. 'అమ్మా, గాలి లోపలికి తీసుకో... ఇప్పుడు ఊపిరి ఆపు... ఇక వదులు.' అంతే. టేబుల్ లోపలికి పోకముందే ఒకసారి ఆమె చేత అలా చేయించండి. ఇంజెక్షన్ ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుందని, ఆ టెన్షన్‌తో కదలొద్దని ముందే చెప్పండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

బొమ్మని మెరుగుపరిచే కొత్త పద్ధతుల గురించి విద్యార్థులు అడుగుతారని తెలుసు. గరుకు బొమ్మని కంప్యూటరు లెక్కలతో నునుపు చేసే ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ అని సుమారు 2009 నుంచి మార్కెట్లోకి వచ్చింది, 2019 నుంచి డీప్ లెర్నింగ్‌తో చేసేవి వచ్చాయి. రెండూ నిజంగా ఉపయోగపడతాయి, డోసు బాగా తగ్గించగలిగాం. కానీ జాగ్రత్త. నునుపుగా కనిపించిన బొమ్మలో సమాచారం అంతా ఉందని అనుకోకండి. కణాలు మరీ తక్కువ పంపి, తర్వాత కంప్యూటరు చేత నునుపు చేయిస్తే, రాళ్లు, ఎముకలు బాగానే కనిపిస్తాయి. లివరులో తక్కువ తేడా ఉన్న చిన్న గడ్డ ఆ నునుపులో పోతుంది. గరుకు బొమ్మయితే కనీసం అనుమానం వస్తుంది. నునుపైనదాన్ని నమ్మేస్తాం.

దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది. పాత ఫిల్మ్ ఎక్స్-రేలో డోసు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి వెంటనే తెలిసేది. సీటీలో డోసు ఎక్కువైతే బొమ్మ ఇంకా అందంగా వస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. 2008 నుంచి 2009 దాకా అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆసుపత్రిలో మెదడు రక్తప్రసరణ చూసే సీటీలో 206 మందికి ఉండాల్సినదానికంటే సుమారు ఎనిమిదింతల డోసు పోయింది. ఒకటిన్నర సంవత్సరం పాటు ఎవరికీ తెలియలేదు. ఒక పేషెంటుకి జుట్టు రాలాక బయటపడింది. అంకె ప్రతిసారీ తెర మీద కనిపిస్తూనే ఉంది. అందుకే మా రిపోర్టుల్లో డీఎల్‌పీ రాయడం మొదలుపెట్టాం. మీరూ రాయండి. నెలకోసారి కూర్చుని, మామూలు పేషెంట్ల అంకెల్లో దేనికెంత వస్తోందో, ఏది మిగతావాటికంటే ఎత్తుగా ఉందో చూడండి.

ఇక మళ్లీ మళ్లీ తీయడం. పేషెంటు వినుకొండలో ఒకసారి తీయించుకుంటాడు. గుంటూరు వస్తే ఇక్కడ మళ్లీ. విజయవాడ సూర్యారావుపేటకి పంపితే అక్కడ మళ్లీ. హైదరాబాదు పోతే మళ్లీ. పదిహేను రోజుల్లో ఒకే పొట్ట. కొన్నిసార్లు నిజంగా అవసరం, జబ్బు మారి ఉండొచ్చు. చాలాసార్లు కారణం ఒక్కటే, బొమ్మలన్నీ ఉన్న సీడీ తేలేదు. రిపోర్టు కాగితం తెచ్చారు, రెండు ఫిల్ములు మడతపెట్టి తెచ్చారు. ఫిల్ములో వందల బొమ్మల్లో కొన్ని మాత్రమే ఉంటాయి, వాటితో పై డాక్టరు ఏమీ తేల్చలేడు. ఊళ్లోవాళ్లకి నా మాట ఇది: స్కాను తీయించుకున్నాక సీడీ అడిగి తీసుకోండి. అది ఇంటి పట్టా కాగితంలా దాచుకోవాల్సిన వస్తువు. డాక్టర్లకి నా మాట: ఆ సీడీ తెరిచి చూడండి.

నేను చెప్పదలుచుకున్నవి ఇవి. ప్రశ్నలు అడగండి.

సభలోంచి ఒక మహిళ: మా బాబుకి తొమ్మిదేళ్లు. కిందటి నెలలో కడుపులో చీము అంటే సీటీ తీశారు. ఇప్పుడు మీ మాటలు వింటుంటే భయంగా ఉంది మేడమ్. కాంట్రాస్టు కూడా ఇచ్చారు, అది ఒంట్లో ఉండిపోతుందా?

జవాబు: అమ్మా, భయపడకండి. చీము అనుమానం ఉన్నప్పుడు తీయడం సరైన పనే. అది తీయకపోతే ఎక్కువ ప్రమాదం. స్కాను ఆగిన క్షణాన ఎక్స్-రే కూడా ఆగిపోయింది, ఒంట్లో ఏమీ మిగలదు. కాంట్రాస్టు అయోడిన్ ఉన్న మందు, దానిలో రేడియేషన్ ఉండదు. కిడ్నీలు బాగుంటే ఒక రోజులో మూత్రంలో పోతుంది. ఇకమీదట ఫాలో అప్‌కి అల్ట్రాసౌండు సరిపోతుందా అని డాక్టరు గారిని అడగండి. పిల్లల్లో అల్ట్రాసౌండు బాగా కనిపిస్తుంది. బాబు పేరు మీద సీడీ, రిపోర్టు ఒక కవర్లో పెట్టి ఉంచండి.

ఒక డ్యూటీ డాక్టరు: ఒక పేషెంటుకి పొట్ట సీటీ తీశాక అయిదో వారం గర్భం అని తెలిసింది మేడమ్. ఇంట్లోవాళ్లు తీయించేద్దామంటున్నారు.

జవాబు: ఆ ఒక్క కారణంతో తీయించకండి. ఒక ఫేజు పొట్ట, పొత్తికడుపు సీటీలో గర్భసంచికి అందేది సాధారణంగా 10 నుంచి 25 మిల్లీగ్రేలు. 50 లోపు డోసుకి పిల్లకి అవయవ లోపాలు పెరిగినట్టు ఆధారం లేదు, స్పష్టమైన నష్టాలు చెప్పేది 100 పైన. ఎన్ని ఫేజులు తీశారో చూసి, డోస్ రిపోర్టు తీసుకుని ఒక మెడికల్ ఫిజిసిస్టు చేత లెక్క కట్టించండి. ఆ కాగితం పట్టుకుని ప్రసూతి డాక్టరు దగ్గరికి పంపండి. ఇంకోటి, ఇకమీదట పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లందరినీ నెలసరి ఎప్పుడొచ్చిందో స్కానుకి ముందే అడగాలి. పెళ్లి కాలేదు కదా అని అడగకుండా వదిలేయకండి. పక్కన ఎవరూ లేకుండా, గౌరవంగా అడగండి.

ఒక టెక్నీషియను: మేడమ్, మీరు చెప్పినట్టు డోసు తగ్గిస్తే ఫిల్ము గరుకుగా వస్తుంది. పంపిన డాక్టరు గారు ఫోన్ చేసి, మీ మిషను పాతదా అంటారు. ఓనరు గారు మా మీద కోప్పడతారు. మేమేం చేయాలి?

జవాబు: ఇది మీరొక్కరే మోయాల్సిన బరువు కాదు బాబూ, రేడియాలజిస్టు మీ వెనక నిలబడాలి. ముందు రాళ్ల స్కానుతో మొదలుపెట్టండి. అందులో గొడవ తక్కువ. అబ్డామెన్ మీట పక్కన రాళ్లకి విడిగా ఒక ప్రోటోకాల్ తయారు చేయించుకోండి. ఒకేసారి సగానికి దించకండి. పది, పదిహేను శాతం దించి, కొన్ని కేసులు చూసి, మీ రేడియాలజిస్టు సరే అన్నాక ఇంకొంచెం. ఫిల్ముకి 5 మిల్లీమీటర్ల కోతలే వేయండి, సన్నటివి కంప్యూటర్లోనే ఉంచండి. మామూలు విండో, అంటే నలుపు నుంచి తెలుపు దాకా చూపించే యూనిట్ల పరిధి, 400 వెడల్పులో ప్రింట్ తీయండి. లివరు కోసం వాడే 150 విండోలో తీస్తే అదే బొమ్మ రెట్టింపు కంటే ఎక్కువ గరుకుగా కనిపిస్తుంది. ఇక ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు మాట్లాడకండి, రేడియాలజిస్టుకి ఇవ్వండి. రిపోర్టులోనే మొదటి లైనులో 'రాయి కోసం తక్కువ డోసు పద్ధతిలో తీసినది' అని రాయించండి. కింద డీఎల్‌పీ, ముందు తీసినప్పటి అంకె ఉంటే అది కూడా. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక ఆ డాక్టరు గారితో నేనే మాట్లాడతాను, కావాలంటే నా నంబరు తీసుకోండి.